సాంకేతికానువాదమున రూఢి ప్రాబల్యము

శబ్దార్థనిర్ణయమున యోగముకంటె రూఢి బలీయమని శాస్త్రకారులందురు. పంకమున పుట్టినవెన్ని యున్నను పంకజమనగా పద్మమే. ఇంజనీరింగు పరిశోధనలను ఆంగ్లీకరించువారికిని ఈ న్యాయమే శరణ్యము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చెరువులను గూర్చిన తెలుగు వ్యాసమును ఆంగ్లమున వ్రాయవలసివచ్చినదనుకొందము. తూము, మొరవ రెండును నీరు వెడలు మార్గములే. అంతమాత్రమున రెండింటికి ఒకే పదము చెల్లదు. పొలములకు నీటిని విడుచు తూము 'స్లూయిస్'. చెరువు నిండిన పిమ్మట మిగులు నీటిని పొర్లించు మొరవ 'సర్‌ప్లస్ వియర్'. తూము పరిమాణమునకు ఆయకట్టు అవసరము ప్రమాణము. మొరవ పొడవునకు గరిష్ఠ వరద ప్రమాణము. పదము తారుమారైనచో లెక్కయు తారుమారగును. మొరవ చాలనిచో వరద కట్టమీదుగా పొర్లి మట్టికట్టను కోసివేయును.

'బలము' మరియొక ఉదాహరణము. నీరు కట్టను నెట్టు బలము 'ఫోర్స్'. దానిని న్యూటన్లలో కొలుతురు. రాయి ఓర్చుకొను బలము 'స్ట్రెంగ్త్'. దానిని పాస్కల్లలో కొలుతురు. నిఘంటువు రెండింటిని చూపును. కొలమానము ఒకదానినే అంగీకరించును.

కావున అనువాదకుడు మొదట వస్తువు చేయు పనిని, పిదప దాని కొలమానమును, ఆ తరువాతనే నిఘంటువును చూడవలెను.