జెట్టు మార్చారా?

మద్రాసు పెరంబూరులో మంచు పడదు. మే నెల మిట్టమధ్యాహ్నం పేపర్ మిల్స్ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాడికి మంచు మాట అటుంచి, చారెడు నీడ దొరికితే అదే పదివేలు. అలాంటి చోటి నుంచి మంచు మీద పిల్లలు నడిపే రేసు బండ్ల గురించి మాట్లాడటం విడ్డూరమే. కానీ స్నోమొబైల్‌కీ, మద్రాసు చుట్టుపక్కల పదేళ్ల పిల్లలు పందెం కట్టే గోకార్టుకీ దగ్గరి చుట్టరికం ఉంది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ ఊళ్లో జోసఫ్ అర్మాండ్ బొంబార్డియే 1959లో ‘స్కీడూ’ అనే మంచుబండిని అమ్మకానికి పెట్టాడు. దానికి ఆ తర్వాత ఇంజన్లు చేసిచ్చింది ఆస్ట్రియాలోని రోటాక్స్ కంపెనీ. 1970లో బొంబార్డియే సంస్థ ఆ కంపెనీనే కొనేసింది. మంచు మీద టూ స్ట్రోక్ ఇంజన్లతో చెయ్యి తిరిగిన ఆ రోటాక్సే 1997లో కార్టు కోసం 125 సీసీ ఇంజన్ ఒకటి తెచ్చింది. మన దేశంలో జాతీయ కార్టింగ్ పోటీల్లో పిల్లల వెనక గీపెట్టేది ఆ జాతి ఇంజనే.

మంచుదేశాల్లో పిల్లల బండి కథ వేరుగా నడిచింది. 1972లో ఆర్కిటిక్ క్యాట్ కంపెనీ ‘కిట్టీ క్యాట్’ పేరుతో 60 సీసీ బుల్లి బండి తీసుకొచ్చింది. ఆ తర్వాత ఆర్కిటిక్ క్యాట్, పొలారిస్, స్కీడూ మూడూ 120 సీసీ తరహా పిల్లల బండ్లు చేశాయి. వాటిలో ఉండేది లాన్ కోసే మిషన్‌కు దగ్గరి బంధువులాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజను. వేగం గంటకు పదమూడు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేలా గవర్నరు బిగించి ఉంటుంది. బండి నుంచి పిల్లవాడి కోటుకు ఒక తాడు ఉంటుంది. వాడు జారిపడ్డాడా, తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. ఈ బండ్లతో అక్కడ ఊరూరా పందేలు పెడతారు. గవర్నరు తీయని తరగతి ఒకటి, తీసి ట్యూన్ చేసుకునే తరగతులు మరికొన్ని. పొలారిస్ పుట్టిన ‘రోజో’ ఊరూ, ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ ఊరూ రెండూ మినెసోటా రాష్ట్రంలోవే. ఆ రాష్ట్రంలో కాపురమున్న మనవాళ్లకు ఇవి కొత్త కాదు.

పెరంబూరు వైపు వద్దాం. ఇది ఫిట్టర్ల పేట. క్యారేజ్ వర్క్స్, లోకో వర్క్స్, 1955లో మొదలైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ — వీటి కొలువుల కోసం నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు ఇళ్లు ఎన్నో. పానా పట్టుకోవడం తెలియని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఇక్కడి నుంచి మాధవరం, రెడ్‌హిల్స్ మీదుగా నెల్లూరు రోడ్డు పట్టుకుంటే పాతిక కిలోమీటర్లు నిండకుండానే షోలవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే రేసు ట్రాకుగా వాడుకుంది. ఉత్తర మద్రాసులో ఒక తరం కుర్రాళ్లకు టూ స్ట్రోక్ బండి పోర్టులు అరగదీయడం, సైలెన్సర్ కోసి అతకడం నేర్పిన బడి షోలవరమే. తొంభైల మొదట్లో రేసులు ఇరుంగాట్టుకోట్టైలో కట్టిన సొంత ట్రాకుకు తరలిపోయాయి. ఇవాళ దాని పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. ఆ పక్కనే ఇప్పుడు కార్టుల కోసం కిలోమీటరు పైచిలుకు పొడవుతో ప్రత్యేకమైన ట్రాకు కూడా వచ్చింది.

కార్టును మొదటిసారి చూసినవాళ్లు ‘ఇంతేనా!’ అంటారు. ఇనుప గొట్టాల చట్రం, సీటు, స్టీరింగు, నాలుగు చక్రాలు, సీటు పక్కన ఇంజను. స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. మలుపులో ఆ గొట్టాలు వంగి మళ్లీ లేవడమే దాని సస్పెన్షన్. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండూ ఒకటే తిరిగితే బండి తిరగనని మొరాయిస్తుంది. అందుకని స్టీరింగు తిప్పగానే లోపలి వెనక చక్రం ఓ వెంట్రుకవాసి గాలిలోకి లేవాలి. బాగా కుదిరిన కార్టు మలుపులో మూడు కాళ్ల మీద నడుస్తుంది.

ఇక ఇంజన్. దీన్ని విప్పే వీలు తండ్రికీ లేదు, మెకానిక్కుకూ లేదు. రోటాక్స్ తరగతుల్లో ప్రతి ఇంజనుకూ నంబరున్న సీలు వేస్తారు. దాన్ని తెరవాలన్నా, పిస్టన్ మార్చాలన్నా కంపెనీ గుర్తించిన సర్వీస్ సెంటరుకు పంపాలి; దాదాపు యాభై గంటలు నడిచాక ఎలాగూ పంపాల్సిందే. పిల్లల తరగతులన్నిటికీ మూలం అదే 125 సీసీ ఇంజను. పెద్దల తరగతిలో అది ముప్ఫై గుర్రాల దాకా శక్తినిస్తే, జూనియర్లకు ఇరవై చిల్లర. ఎనిమిది, పదేళ్ల పిల్లల తరగతిలో పొగ పోయే దారికి అడ్డంగా చిల్లు ఉన్న రేకు పెట్టి, సైలెన్సర్ మార్చి ఇంకా నొక్కేస్తారు. పోర్టులు అరగదీసిన షోలవరం చేతులకు ఇది పెద్ద శిక్షే. ఇంజన్ లోపల చెయ్యి పెట్టకూడదంటే మెకానిక్ చేసేదేముంది?

చాలా ఉంది. దాని పేరు గాలి.

కార్బురేటర్ అడుగున ఉండే మెయిన్ జెట్టును అరచేతిలో పెట్టుకుంటే శనగగింజంత ఇత్తడి ముక్క. నడిమధ్య సూది దూరేంత చిల్లు. పక్కన చెక్కిన అంకె 125 అయితే, ఈ కార్టులకు వాడే డెల్లార్టో కార్బురేటర్ లెక్కలో ఆ చిల్లు వ్యాసం 1.25 మిల్లీమీటర్లు. 123 అంటే 1.23. ఈ రెండింటి మధ్య తేడా తల వెంట్రుక మందంలో మూడో వంతు ఉండొచ్చు. కంటికి ఆనదు. వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూసినా రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ పందెం ఇక్కడే తేలిపోతుంది.

ఇంజన్ తాగేది పెట్రోలు కాదు, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం. గాలి వేడెక్కితే పలచబడుతుంది. తెల్లవారి ఆరింటికి ఇరవై నాలుగు డిగ్రీలున్న గాలి, మధ్యాహ్నం రెండింటికి ముప్ఫై ఎనిమిదికి చేరితే నూటికి ఐదు పాళ్ల దాకా సాంద్రత పోతుంది. దానికితోడు మద్రాసు ఉక్క. గాలిలో చేరిన నీటి ఆవిరి ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. ఉక్క బాగా ఉన్న రోజున అది నూటికి మూడు పాళ్లకు తక్కువ కాదు. పొద్దున కుదిరిన జెట్టే మధ్యాహ్నం కూడా ఉంచితే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. మెకానిక్కుల భాషలో మిక్చరు రిచ్ అయింది. ఇంజన్ బరబరమంటుంది. పిల్లవాడు పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తీస్తూ, ‘‘పైన ఈడవడం లేదన్నా’’ అంటాడు. అక్కడ అందరి నోటా వినపడే ప్రశ్న అప్పుడు వస్తుంది: ‘‘జెట్టు మార్చారా?’’

ఇదే లెక్క మంచుదేశంలో తిరగబడుతుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్న గాలి, నలభై డిగ్రీల మద్రాసు గాలి కంటే దాదాపు నాలుగో వంతు చిక్కన. అక్కడి తండ్రి చలి ముదిరే కొద్దీ పెద్ద జెట్టు వేస్తాడు, ఇక్కడి తండ్రి ఎండ ముదిరే కొద్దీ చిన్న జెట్టు వేస్తాడు. భయం మాత్రం ఇద్దరికీ ఒకటే. మిక్చరు లీన్ అయితే, అంటే పెట్రోలు తగ్గితే, ఇంజన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్‌లో ఇది మరీ ప్రమాదం. ఐదు లీటర్ల పెట్రోలుకు వంద మిల్లీలీటర్ల చొప్పున కలిపిన ఆయిలే పిస్టన్‌కు దిక్కు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. చిత్రమేమిటంటే, లీన్ అయిన బండి చెడిపోయే ముందు మహా జోరుగా లాగుతుంది. రెండు ల్యాపులు పిల్లవాడు అందరినీ దాటేస్తాడు, తండ్రి మురిసిపోతాడు, మూడో ల్యాపులో ఇంజన్ పట్టేస్తుంది. కొత్తగా ఈ రంగంలోకి దిగిన కుటుంబాలు చేసే ఖరీదైన తప్పు ఇదే.

నిజం తెలియాలంటే ప్లగ్గు విప్పాలి. నిండు వేగంలో ఉండగానే ఇంజన్ ఆపించి, బండిని అలాగే దొర్లించుకు వచ్చి, వేడి ప్లగ్గును గుడ్డతో పట్టి తీస్తారు. పింగాణీ మొన పాలు తక్కువైన కాఫీ రంగులో ఉంటే సరే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, తడి మసితో నల్లగా ఉంటే రిచ్. ఈ రోజుల సీసం లేని పెట్రోలుతో రంగు మునుపటంత స్పష్టంగా రాదు కాబట్టి, చాలామంది ప్లగ్గు రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ నెత్తి కూడా చూస్తారు. స్టీరింగు మీది బుల్లి తెర ఇంజన్ తిరిగే వేగం, నీళ్ల వేడి, ల్యాపు సమయం చెబుతుంది. తెర మీద అంకెలు చదివేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ప్లగ్గు చదివేవాళ్లు తగ్గుతున్నారు. రెండూ వచ్చినవాడి షెడ్డు దగ్గర జనం ఉంటారు.

పెట్రోలు కూడా మారింది. బంకుల్లో ఇథనాల్ పాలు నూటికి ఇరవైకి చేరాక బళ్లలోకి వచ్చేది అదే సరుకు. ఇథనాల్ కాలడానికి పెట్రోలంత గాలి అక్కర్లేదు, అంటే అదే జెట్టుతో మిక్చరు లీన్ వైపు జరుగుతుంది. పైగా అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లో ఈ గుణం ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే పోటీల్లో అందరికీ ఒకే ఇంధనం ఉండాలన్న నియమం వెనక న్యాయం ఒక్కటే కాదు, ఇంజన్ల క్షేమం కూడా ఉంది.

జెట్టు తర్వాత పళ్ల లెక్క. ముందు స్ప్రాకెట్‌కు పన్నెండు, వెనక దానికి ఎనభై పళ్లుంటే, ఇంజన్ ఆరున్నర చుట్లకు మించి తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు. వెనక రెండు పళ్లు పెంచితే మలుపు నుంచి బయటపడే పికప్ పెరుగుతుంది, నిటారు దారి చివర వేగం తగ్గుతుంది. చైను సంగతి మరీ చిన్నదనిపిస్తుంది గానీ, పోటీ మధ్యలో బండి ఆగిపోవడానికి అదొక్కటి చాలు. వేలితో నొక్కితే కాస్త ఆడాలి. రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూడాలి. మంచుబండి కింద తిరిగే రబ్బరు పట్టీకీ ఇదే సేవ: బిగువు సరిచూడడం, పక్కకు జరగకుండా సర్దడం. ముందు స్కీల అడుగున ఉండే కార్బైడ్ కమ్మీలు అరిగితే మలుపు తిరగదు, అంతే.

టైర్లలో గాలి కూడా ఒక లెక్క. కారుకు ముప్ఫై చిల్లర కొట్టే చోట కార్టుకు పది పన్నెండు చాలు. ఎండకు టైరు లోపలి గాలి ఉబ్బుతుంది కాబట్టి మధ్యాహ్నం పందేనికి పొద్దుటి కంటే ఒకటి రెండు తక్కువతో బయలుదేరాలి. అర పాయింటు తేడాకు పిల్లవాడు ‘వెనక జారుతోంది’ అని చెప్పగలుగుతాడు. పదేళ్ల పిల్లల నడుముకు ఉండే తెలివి చూసి పెద్ద మెకానిక్కులు ఆశ్చర్యపోతుంటారు. సీటును అంగుళం వెనక్కి జరిపినా, వెనక ఇరుసు గట్టిదో మెత్తదో మార్చినా వాళ్లకు తెలిసిపోతుంది. చెప్పడానికి మాటలే ఉండవు. చేతులతో గాల్లో బండి ఆడించి చూపిస్తారు.

ఈ దారి ఎక్కడికి పోతుందని అడిగేవాళ్లకు కొన్ని పేర్లున్నాయి. 2010లో ఫార్ములా వన్ నడిపిన కరుణ్ చందోక్‌ది ఈ ఊరే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ను నిలబెట్టినవాళ్లలో ఆయన తాత ఒకరు. హైదరాబాదు కుర్రాడు కొండా అనిందిత్ రెడ్డి 2016లో యూరో జేకే ఛాంపియన్ అయ్యాడు. 2024 ఆగస్టు ఆఖర్లో మద్రాసు ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రివేళ దీపాల వెలుగులో ఫార్ములా 4 కార్లు పరుగెత్తాయి. అయితే కార్టు ఎక్కిన వందమందిలో తొంభైమందికి పైగా అక్కడికి చేరరు. చేరాలనీ లేదు.

చేరాలన్న ఆత్రంలోనే తండ్రుల చేతికి దురద పుడుతుంది: రేకు చిల్లు కాస్త పెద్దది చేస్తే? గవర్నరు తీసేస్తే? 2023 ఆగస్టు 5న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో బైకు పందెంలో పడిపోయి బెంగళూరుకు చెందిన పదమూడేళ్ల పిల్లవాడు ప్రాణం కోల్పోయాడు. ఆ బండి వేరు, ఆ పందెం వేరు. కానీ ఆ తర్వాత పిల్లల తరగతుల్లో ఇంజన్‌ను నొక్కిపెట్టే రేకును ‘అడ్డు’ అని విసుక్కోవడం ఎవరికైనా కష్టమే. పోటీ ముగిశాక తనిఖీ గదిలో సీలు నంబరు, రేకు చిల్లు, బండీ పిల్లవాడూ కలిపిన బరువు అన్నీ చూస్తారు. రేకు చిల్లును కొలిచే గేజి దూరకూడని చోట దూరిందా, గెలుపు పోయినట్టే.

అక్టోబరు సగం దాటితే ఈ ఊరికి ఈశాన్య రుతుపవనం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఉత్తర మద్రాసును ముంచినప్పుడు నేల మీద పెట్టినవన్నీ నీళ్లలోనే ఉన్నాయి. అందుకే బండిని బల్ల మీదికి ఎక్కించి ఉంచడం ఇక్కడి అలవాటు. మంచుదేశంలో బండి వేసవంతా నిద్రపోతే, ఇక్కడ వానాకాలం కొన్ని వారాలు పడుకుంటుంది. పడుకోబెట్టే పద్ధతి మాత్రం ఒకటే. ట్యాంకు ఖాళీ చేయాలి. కార్బురేటర్ గిన్నె విప్పి అడుగున మిగిలిన పెట్రోలు ఒంపాలి, లేకపోతే అది జిగురై సన్న జెట్టును మూసేస్తుంది. చైను విప్పి కిరసనాయిలులో కడిగి ఆయిల్లో నానబెట్టాలి. ప్లగ్గు తీసి రెండు చుక్కల ఆయిలు వేసి, చేత్తో ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి, గాలి లాగే నోట్లో, పొగ వదిలే నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఆ గుడ్డలు కుక్కినట్టు గుర్తుగా ఒక కాగితం రాసి స్టీరింగుకు కట్టేవాళ్లున్నారు. ఎందుకంటే జనవరిలో పిల్లవాడి తొందరకు గుడ్డ సంగతి మరిచిపోయి స్టార్ట్ చేసినవాళ్లూ ఉన్నారు. చివరగా జెట్టుల డబ్బా. 118 దగ్గర నుంచి ఒక్కో అంకె దాని గదిలో ఉందో లేదో లెక్క చూసుకుని మూత పెడతారు. ఒకటి తక్కువైతే అది సాధారణంగా కార్బురేటర్‌లోనే ఉంటుంది.