కంటికి కనిపించని బంగారం

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకొని పోతుంది. చలికాలంలో ఆ దారిన ప్రయాణం చేసినవారు, నీళ్లలో ఒంటికాలిమీద నిలబడిన ఫ్లెమింగోలను చూసి బస్సు కిటికీ వదలరు. చిలికా తరువాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అయితే ప్రియ పాఠకులారా, ఈ నెల మనం మాట్లాడుకొనేది ఆ పక్షులను గురించి కాదు. ఈ తీరం వెంబడి ఉన్న రొయ్యల గుంటలను గురించి, ఆ గుంటల కోసం కుదువకు వెళ్లిన బంగారాన్ని గురించి, చివరకు ఆ గుంటలోని రోగాన్ని పట్టి చూపించిన మరొక బంగారాన్ని గురించి.

ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1990 తరువాత ఇక్కడ టైగర్ రొయ్య ఇంటింటి మాట అయ్యింది. వరి పండని చవిటి నేలలో కూడా గుంటలు త్రవ్వారు. పిల్లకు, మేతకు, కరెంటుకు, డీజిలుకు డబ్బు కావాలి. డబ్బు ఎక్కడిది? ఇంట్లో ఉన్న నాలుగు సవర్ల నగలు బ్యాంకుకో, సేటు కొట్టుకో వెళ్లాయి. పంట తీయగానే విడిపించుకోవచ్చని నమ్మకం.

1994 చివరలో ఆ నమ్మకం మీద దెబ్బపడింది. మేత తినే రొయ్యలు మేత మానేశాయి. గట్టు ప్రక్కకు వచ్చి సోలిపోయాయి. చెక్ ట్రే పైకి తీసి చూస్తే తలమీది పెంకు లోపల తెల్లని చుక్కలు. మూడు రోజులు మొదలుకొని పది రోజుల లోపల గుంట గుంటంతా ఖాళీ అయ్యింది. తైవానులో 1992లో, చైనాలో 1993లో కనిపించిన రోగమే ఇది. మనవాళ్లు దీనికి తెల్లమచ్చ అని పేరు పెట్టారు. మనుష్యులకు దీనివలన ఏ హాని లేదు. గాని రొయ్యకు దీనికి మందు లేదు, ఆనాడూ లేదు, నేడూ లేదు. 2009 తరువాత మన గుంటలలోనికి వచ్చిన వనామీ రొయ్యను కూడా ఇది విడిచిపెట్టలేదు.

మందు లేని రోగానికి ఒకటే రక్ష: ముందుగా తెలిసికొనడం. అక్కడే మన కథలోని రెండవ బంగారం ప్రవేశిస్తుంది.

చూడడం వేరు, గుర్తించడం వేరు

కాలేజీ ప్రయోగశాలలో ఉండే మామూలు మైక్రోస్కోపు వెలుతురుతో పని చేస్తుంది. సుమారు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది విడదీసి చూపలేదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. తెల్లమచ్చ వైరసు పొడవు దాదాపు 300 నానోమీటర్లు, వెడల్పు 100 ప్రాంతం. అంటే ఆ మైక్రోస్కోపుకు అది ఉన్నా లేనట్టే.

1931లో జర్మనీలోని బెర్లినులో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అనేవారు వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లతో పని చేసే మైక్రోస్కోపును నిర్మించారు. ఆ పనికి రుస్కాకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. చనిపోతున్న రొయ్యల మొప్పలను ఇటువంటి యంత్రం క్రింద పరీక్షించినప్పుడే, కణాల లోపల కోలగా ఉండి ఒక చివర తోకవంటి పోగు గల వైరసులు కంటబడ్డాయి.

అయితే ఒక చిక్కు ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూపించే చిత్రంలో రంగులు ఉండవు. అంతా బూడిద రంగే. తెల్లవారుజామున పొగమంచులో సరస్సు ఒడ్డున ఒక మనిషి నిలబడ్డాడని కనిపిస్తుంది గాని, అతడు మన ఊరివాడో పొరుగూరివాడో తెలియదు గదా! అలాగే ఆ బూడిద రంగులో ఒక ఆకారం కనిపిస్తుంది. అది ఏ వైరసు? దాని పైపొరలో ఉన్న ప్రోటీన్ ఏది? ఈ ప్రశ్నకు కేవలం ఆకారం జవాబు చెప్పలేదు. దాని మీద ఎవరో ఒకరు గుర్తు పెట్టాలి.

ఫెరడే ఎర్ర సీసాలు

ఆ గుర్తు పెట్టే వస్తువు కథ 1857లో లండనులో మొదలైంది. మైఖేల్ ఫెరడే పేరు మన పిల్లలు విద్యుత్తు పాఠంలో చదువుతారు. ఆయన కమ్మరి కుమారుడు. పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకొని, ఆ పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు. లండనులోని శాండెమానియన్ అనే చిన్న సంఘంలో పెద్దగా కూడ సేవ చేశాడు.

ఫెరడే బంగారు లవణాన్ని నీళ్లలో కరిగించి, భాస్వరం సహాయముతో ఆ బంగారాన్ని అతి సన్నని రేణువులుగా విడదీశాడు. ఆశ్చర్యం! ఆ నీళ్లు పసుపుగా లేవు, కెంపు రంగులో ఉన్నాయి. పైకి చూస్తే స్వచ్ఛమైన ద్రవమే. గాని ప్రక్కనుండి వెలుతురు పుంజం పంపిస్తే, తలుపు సందులోనుండి వచ్చిన ఎండలో ధూళి మెరిసినట్టు దారి మెరిసింది. అందులో కరగకుండా తేలియాడుతున్న బంగారు రేణువులు ఉన్నాయని ఆయన గ్రహించాడు. ఆయన తయారుచేసిన సీసాలు కొన్ని నేటికీ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి.

నేడు ఈ పని ఇంకా సులువు. బంగారు లవణం కరిగిన నీటిని మరిగించి, నిమ్మజాతి పండ్లలో ఉండే ఆమ్లం తాలూకు లవణం కొద్దిగా వేస్తారు. కొన్ని నిమిషాలలో నీళ్లు దానిమ్మ రసంలాగ మారతాయి. ఆ లవణం ఎక్కువ వేస్తే చిన్న పూసలు, తక్కువ వేస్తే పెద్ద పూసలు వస్తాయి. పూసలు విడివిడిగా ఉంటే ఎరుపు, ఒకదానికొకటి అంటుకొని ముద్ద కడితే నీలం.

ఎంత చిన్న పూసలు? 10 నానోమీటర్ల పూసలను ప్రక్కప్రక్కన పేర్చితే, ఒక తలవెంట్రుక మందానికి దాదాపు 8,000 పడతాయి. ఒక్కొక్క పూసలో సుమారు 30,000 బంగారు పరమాణువులు ఉంటాయి. ఒక్క గ్రాము బంగారాన్ని ఈ విధంగా చేస్తే వెయ్యి కోట్ల కోట్ల పూసలు వస్తాయి.

దారి చూపే యాంటీబాడీ

మన దేహములోను, మిగిలిన జీవములలోను ఎక్కువగా ఉండేవి కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ వంటి తేలిక పరమాణువులు. ఇవి ఎలక్ట్రాన్లను పెద్దగా అడ్డుకొనవు. బంగారం అలా కాదు, దాని పరమాణు సంఖ్య 79. ఎలక్ట్రాన్లు దానికి తగిలి చెదిరిపోతాయి. గనుక ఆ బూడిద రంగు చిత్రంలో బంగారు పూస మాత్రం నల్లని గుండ్రని చుక్కగా స్పష్టంగా నిలబడుతుంది. అటువంటి గుండ్రని నల్లచుక్క కణంలో తనంతట తాను ఉండదు.

అయితే బంగారానికి వైరసును వెదకడం చేతకాదు. 1939లో జర్మను శాస్త్రవేత్తలు పొగాకు మొక్కను పీడించే వైరసుకు బంగారు రేణువులు అంటుకొన్నట్టు ఫొటో తీశారు. చిత్రం బాగానే వచ్చింది గాని, కేవలం అంటుకొన్నంత మాత్రాన అది ఏమిటో తెలియదు. ఆ లోటు తీరింది 1971లో. ఫాల్క్, టేలర్ అనే ఇద్దరు, యాంటీబాడీలను బంగారు పూసలకు అతికించి, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి మీద ప్రయోగించి చూపించారు.

యాంటీబాడీ అంటే, దేహములోనికి శత్రువు వచ్చినప్పుడు రక్తం తయారుచేసికొనే రక్షక పదార్థం. తాళానికి తాళపు చెవివలె అది తనకు తగిన చోటనే కూర్చుంటుంది. తెల్లమచ్చ వైరసు పైపొరలో విపి 28 అనే ప్రోటీన్ ఉంది. దానిని కుందేలుకో, ఎలుకకో ఎక్కిస్తే ఆ జంతువు రక్తంలో దానికి తగిన యాంటీబాడీ తయారవుతుంది. ఆ యాంటీబాడీయే వెదుకుతుంది. బంగారం దాని వెంట వెళ్లి, అది ఎక్కడ ఆగిందో మనకు చూపిస్తుంది.

పని జరిగే తీరు ఇది. రొయ్య మొప్పలోనుండి చిన్న ముక్కను తీసి రసాయనంతో బిగించి, గట్టి రెసిన్‌లో పొదుగుతారు. వజ్రపు కత్తితో 100 నానోమీటర్ల కంటె పలుచని పొరలుగా కోస్తారు. ఆ పొరను మూడు మిల్లీమీటర్ల నికెల్ జాలీ మీద పరచి, మొదట వైరసును గుర్తించే యాంటీబాడీలోను, కడిగిన తరువాత బంగారు పూస తగిలించిన రెండవ యాంటీబాడీలోను ఉంచుతారు. మరల కడిగి యంత్రంలో పెడతారు. వైరసు పైపొర చుట్టూ గుడి గోపురం మీది దీపాలవలె నల్ల చుక్కలు వరుసగా కనిపిస్తాయి. ఆ ప్రోటీన్ లోపల కాదు, పైపొరలోనే ఉన్నదని ఆ చుక్కలే చూపించాయి. ఒక ప్రోటీన్‌కు 5 నానోమీటర్ల పూస, మరొకదానికి 15 నానోమీటర్ల పూస తగిలిస్తే, ఒకే పొరలో రెండింటి చోటును విడివిడిగా తెలిసికొనవచ్చు.

సాక్షిని కూడ పరీక్షించాలి

ఇక్కడ శాస్త్రజ్ఞుల పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చుక్కలు కనిపించగానే వారు సంతోషించి పత్రిక వ్రాయరు. అదే పరీక్షను మొదటి యాంటీబాడీ లేకుండా మరల చేస్తారు. అప్పుడు కూడ చుక్కలు వస్తే, ఆ బంగారం ఎక్కడపడితే అక్కడ అంటుకొంటున్నదని అర్థం. అది అబద్ధ సాక్ష్యం. తరువాత రోగం లేని రొయ్యను కూడ పరీక్షిస్తారు. అక్కడ చుక్కలు రాకూడదు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదని మన పెద్దలు చెప్పినది ప్రయోగశాలలోను చెల్లుతుంది.

మన ఇంట్లోనికి వచ్చిన బంగారం

ఇంతవరకు చెప్పినది పెద్ద యంత్రాల సంగతి. అది మన గడపలోనికి ఎలా వచ్చింది? మందుల షాపులో కొనే గర్భ పరీక్ష పట్టీని గుర్తు చేసికొనండి. ఆశా కార్యకర్తలు ఇచ్చే నిశ్చయ్ కిట్ అయినా సరే. దాని మీద తేలే ఎర్రని గీతను చాలామంది రంగు అనుకొంటారు. ఇటువంటి పట్టీలలో ఎక్కువ వాటిలో అది రంగు కాదు, అది బంగారమే! ఫెరడే సీసాలోని అదే ఎరుపు. నీలిగీత వచ్చే కొన్ని రకాలలో మాత్రం రంగు వేసిన లేటెక్స్ పూసలు వాడతారు.

పట్టీ మీద మూత్రపు చుక్క పడగానే, అక్కడ ఆరబెట్టి ఉంచిన యాంటీబాడీ గల బంగారు పూసలు తడిసి ముందుకు సాగుతాయి. గర్భం వలన వచ్చే హార్మోను ఉంటే పూసలు దానిని పట్టుకొంటాయి. గీత చోట కాచుకొని ఉన్న మరొక యాంటీబాడీ ఆ జంటను ఆపివేస్తుంది. వేలకు వేలు పూసలు ఒకచోట చేరి, ఎర్రగీతగా కంటికి కనబడతాయి. మిగిలిన పూసలు ఇంకా ముందుకు పోయి రెండవ గీత దగ్గర ఆగుతాయి. పట్టీ సరిగా పని చేసినదని చెప్పే గీత అది.

2020, 2021 సంవత్సరాలలో కోవిడుకు మన ముక్కులో పుల్ల పెట్టి చూసిన పట్టీలలో అనేకం ఇదే పద్ధతివి. మలేరియా పట్టీలూ అంతే. రొయ్యల తెల్లమచ్చకు కూడ ఇటువంటి బంగారు పట్టీలను శాస్త్రజ్ఞులు తయారుచేశారు. మొప్పను ద్రావణంలో నలిపి, ఆ రసం గట్టు మీదనే చుక్క వేసి చూడవచ్చు.

అయితే ఈ పట్టీ బలహీనత కూడ తెలియాలి. వైరసు చాలా తక్కువగా ఉన్నప్పుడు గీత రాదు. హేచరీ నుండి వచ్చే పిల్లలో దాగి ఉన్న రోగాన్ని పట్టడానికి పి.సి.ఆర్. పరీక్షే నమ్మదగినది. గీత రాలేదు గదా అని పిల్లను గుంటలో వదిలిన రైతు, నెల తిరగకముందే నగలు పోగొట్టుకొనవచ్చు. కోవిడు కాలంలో కూడ, లక్షణాలు ఉండి పట్టీలో ఏమీ రానివారు ఆర్.టి.పి.సి.ఆర్. చేయించుకోవాలని ప్రభుత్వం చెప్పినది ఇందుకే. ఇక రెండవ గీత రాలేదని కోడలిని నిష్ఠూరమాడిన ఇళ్లను గురించి ఏమి చెప్పాలి? నాలుగు రోజులు ముందుగా పరీక్షించినందుకు ఆ బిడ్డ కన్నీళ్లు పెట్టుకోవాలా?

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

1. పట్టీ పని చేసినదని చెప్పే గీత రాని యెడల ఆ పరీక్ష చెల్లదు. మరొక పట్టీతో చేయండి.

2. ప్యాకెట్టు మీద వ్రాసిన నిమిషాల లోపలనే చూడండి. గంట తరువాత ఆరిన పట్టీ మీద కనిపించే మరకను నమ్మవద్దు.

3. ఆ సమయంలోపు సన్నని ఎర్రగీత కనిపించినా అది గీతే. వైద్యుని దగ్గర నిర్ధారణ చేసికొనండి.

4. గర్భ పరీక్షలో గీత రాకపోతే, కొద్ది రోజులు ఆగి ఉదయపు మూత్రంతో మరల చూడండి. అంతవరకు ఎవరూ ఎవరినీ నిందించవద్దు.

5. రొయ్య పిల్లను పి.సి.ఆర్. చేయించకుండా కొనవద్దు. ఉప్పునీటి రొయ్యల మీద పరిశోధన చేసే సీబా సంస్థ 1987 నుండి చెన్నైలో ఉంది. అది మనకు దూరము కాదు.

చివరిగా ఒక మాట. గుంటలో రోగం ఉందని తెలిసిన రాత్రి రైతుకు వచ్చే మొదటి ఆలోచన, తూము ఎత్తి నీళ్లు కాలువలోనికి వదిలివేయడం. ఆ కాలువ నీళ్లే తెల్లవారి ప్రక్క గుంటవాడు మోటారుతో తోడుకొంటాడు. వాని భార్య మెడలోని గొలుసు కూడ కుదువలోనే ఉంటుంది. నీళ్లను గుంటలోనే ఆపి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ప్రక్కవానికి కబురు పెట్టేంతవరకు మన పని ముగియలేదు. కంటికి కనిపించని ఆ బంగారపు నలుసు తాను చూసినదానిని దాచిపెట్టదు. దానిని చూసి తెలిసికొన్న మనం దాచిపెట్టడం న్యాయమా?