నడవని కారే ముందు పాడవుతుంది

అపోహలు – వాస్తవాలు

తెలుగు ఊళ్లలో చాలా ఇళ్ల వెనక, రేకుల షెడ్డులో, ఒక అంబాసిడరో ప్రీమియర్ పద్మినో ఇంకా ఉంది. తాతగారి గుర్తని అమ్మరు, అలాగని బయటికీ తీయరు. క్లాసిక్ కారంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన నిజాం రోల్స్ రాయిస్ లాంటిదేనని, మన ఇంటి బండి ఉత్త పాత ఇనుమని అనుకోవడం దీనికి ఒక కారణం. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి తర్వాత పద్మిని పేరు పెట్టుకున్న కారు 2000 ప్రాంతంలో ఆగింది. ఇక కొత్తవి రావు. ఉన్నవాటిని బతికించుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకు అడ్డుపడేది చాలాసార్లు డబ్బు కాదు, తప్పుడు నమ్మకాలు.

అపోహ: వాడకుండా దాచితే కారు అలాగే ఉంటుంది.

పాత కార్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. నిలబెట్టిన కారులో ప్రతి ద్రవమూ తన పని తాను చేసుకుపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు వీల్ సిలిండర్ల లోపల తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోతాయి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురు మాత్రం జెట్లలో గట్టిపడుతుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే షూలు డ్రమ్ములకు పట్టేస్తాయి. అందుకే నెలల తరబడి ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలేసి చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టాలి.

"వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచుతున్నాం కదా" అంటారు. అది మంచికి బదులు చెడు చేస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. అయిదు నిమిషాల్లో ఆపేస్తే చల్లబడి సైలెన్సర్‌లో, ఇంజన్ ఆయిల్‌లో నీరై మిగులుతుంది. రెండు వారాలకోసారి అరగంట రోడ్డు మీద తిప్పండి. కుదరకపోతే అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం.

ఏళ్ల తర్వాత బయటికి తీసే కారుకు నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. ముందు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడాలి. తిరక్కపోతే బలవంతం చేయకుండా మళ్లీ ఆయిల్ పోసి ఆగాలి. తిరిగాక కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి తాజాది. ఆ తర్వాతే సెల్ఫ్.

టైర్ల సంగతీ ఇంతే. గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరు ఎంత నల్లగా మెరిసినా హైవే ఎక్కడానికి పనికిరాదు.

అపోహ: సీసం లేని పెట్రోలు పాత ఇంజన్‌ను తినేస్తుంది.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయింది. ఆ సీసం వాల్వులు ఆనే చోట పొరలా పట్టి అరుగుదలను ఆపేదన్న మాట నిజమే. అది లేకపోతే పోతపోసిన ఇనుప హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరుగుతాయి. కానీ అది గంటల తరబడి అధిక వేగంతో తోలేవాళ్ల సమస్య. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగే ఆదివారపు ప్రయాణానికి అంత భయం అక్కర్లేదు. టాపెట్ల సందు అప్పుడప్పుడు కొలుస్తూ ఉంటే చాలు. ఆ సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని తెలుస్తుంది. హెడ్డు దింపే అవసరం వచ్చినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే ఆ చింత అక్కడితో తీరుతుంది.

నిజంగా భయపడాల్సింది ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలు గురించి. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులను, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌ను, కార్క్ గ్యాస్కెట్లను అది మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. నీటిని కూడా లాగుతుంది. ఆ నీరు హద్దు దాటితే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పగిలిన పైపు నుంచి కారిన చుక్క పడేది కాలుతున్న ఇనుము మీదే. పాత కారు కొన్నవాళ్లు రంగు గురించి ఆలోచించే ముందు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ప్రతి రబ్బరు పైపూ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాలి. చేతికి అందే దూరంలో మంటలార్పే చిన్న సిలిండర్ ఒకటి పెట్టుకోవాలి. ఈ రెండు ఖర్చుల్లో బేరం కూడదు.

అపోహ: మన ఎండలకు కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు.

కూలెంట్ నీరు గడ్డకట్టకుండా ఉండటానికే అనుకోవడం వల్ల వచ్చిన మాట ఇది. నీరు మరిగే ఉష్ణోగ్రతను పెంచడం, లోపలి లోహానికి తుప్పు పట్టకుండా చూడటం కూడా దాని పనే. పద్మినిలో హెడ్డు అల్యూమినియం, బ్లాకు ఇనుము. ఇలా రెండు లోహాలు తగిలి ఉన్నచోట ఉత్త నీళ్లు పోస్తే అల్యూమినియం తొందరగా కొరుక్కుపోతుంది. ఇక బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పొర కట్టి, వేసవిలో ట్రాఫిక్‌లో ఆగగానే సూది ఎర్రగీత మీదికి పోతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

మన షెడ్లలో ఇంకో అలవాటుంది. ఎండలకు అక్కర్లేదని థర్మోస్టాట్ తీసి పారేస్తారు. అప్పుడు ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది. మండని పెట్రోలు ఆయిల్లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాట్ తిరిగి పెట్టించి, రేడియేటర్ లోపల శుభ్రం చేయించడమే అసలు మందు.

అపోహ: మంచి పెయింట్ పడితే కారు బాగైనట్టే.

మెరిసే రంగు కింద వేలెడు మందాన లప్పం ఉండొచ్చు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల పైకమ్మి, డిక్కీ అడుగు వెంట జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట మందంగా లప్పం ఉన్నట్టే. తుప్పు మీద అండర్ కోటింగ్ కొట్టిస్తే మరీ ప్రమాదం. తడి లోపలే చిక్కుకుని, కంటికి కనబడకుండా రేకును తింటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా వేగంగా సాగుతుంది. తలుపుల అడుగున నీరు పోవడానికి వదిలిన చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా పుల్లతో పొడవడం ఇంట్లో పిల్లలు కూడా చేయగల పని. తలుపును ఏళ్ల తరబడి కాపాడేది అదే.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని బలం. తలుపుల కింద సాగే గొట్టంలాంటి భాగాన్ని ఆధారాలు పెట్టకుండా కోసేస్తే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపులు సరిగా పడవు. వెల్డింగ్ పని విజయవాడ ఆటోనగర్ లాంటి చోట, ఈ కార్లు చేసిన చేతులకు అప్పగించడమే మంచిది. రంగు మాత్రం బాగుంటే పాతదాన్ని ఉండనివ్వండి. కొద్దిగా వెలిసినా ఫ్యాక్టరీలో పడిన రంగుకున్న విలువ కొత్త రంగుకు రాదని నా గట్టి నమ్మకం.

అపోహ: పాయింట్ల కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది, పార్టులూ దొరకవు.

ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా కరెంటును కలిపి విడదీసే ఈ పాయింట్లు ఆపేది పట్టించుకోనివాళ్లనే. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ క్లిప్పులు తీసి, రోటర్ పైకి లాగితే అవి కనిపిస్తాయి. ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ పోతే పాయింట్లు పూర్తిగా తెరుచుకునే చోటు వస్తుంది. అక్కడ ఆపి ఫీలర్ గేజ్‌లో 15 థౌ రేకు, అంటే అంగుళంలో వెయ్యింట 15 వంతులది, దూర్చాలి. అది వదులుగా జారిపోకూడదు, పాయింటును నెట్టుకుంటూ పోకూడదు. రెండు వైపులా ఆనుతూ లోపలికి దిగాలి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే బిగింపుతోనే సందు కదులుతుంది. రేకుకు నూనె అంటి ఉంటే ముందే తుడవాలి. మొత్తం పావుగంట పని. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ ఉన్న అంబాసిడర్‌కు 14 నుంచి 16 థౌ సరిపోతుంది.

పార్టుల విషయానికి వస్తే, అంబాసిడర్ ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. అక్కడి ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదట్లో నడిచిందీ ఇదే 1489 సీసీ ఇంజన్‌తో. ఆ కారుకు ఇప్పటికీ ప్రేమికులున్నారు కాబట్టి గ్యాస్కెట్లు, బేరింగులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. నిజంగా కష్టమయ్యేది అద్దాల బీడింగులు, క్రోమ్ పట్టీలు, మీటర్ల లాంటి పైసామాను. అందుకే విప్పినదాన్ని ఎంత తుప్పు పట్టినా పారేయకూడదు. పేరు రాసిన కవర్లో దాచాలి.

అపోహ: 15 ఏళ్లు దాటితే కారు తుక్కుకే.

పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి కోర్టు ఉత్తర్వులతో వచ్చినవి. మన దగ్గర 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఆర్సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఇంజన్, బాడీ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. కానీ అలా చేయిస్తే దాన్ని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. కూరగాయల మార్కెట్టుకు కూడా అదే కారులో వెళ్లాలనుకునేవాళ్లు మామూలు ఆర్సీనే బతికించుకోవాలి.

అపోహ: ఓపిక ఉంటే అన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఆయిల్, పాయింట్లు, ప్లగ్గులు, గ్రీజు, కూలెంట్ వరకు సరే. బ్రేకులు వేరు. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేక్ లైను ఉంటుంది. ఒక్క సీలు పోతే నాలుగూ పోతాయి. పాత బ్రేక్ షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది కాబట్టి డ్రమ్ము దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారేయాలి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పెట్టాకే. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాలు తెలిసిన మెకానిక్‌తో విప్పించి, కొత్త సీళ్లు వేయించి, కొత్త బ్రేక్ ఆయిల్ పోయించి, రెండేళ్లకోసారి దాన్ని మార్పించుకోవాలి. ఆ పని పూర్తయ్యాక మొదటిసారి నడిపేటప్పుడు గేటు దాటకముందే, వాకిట్లోనే పెడల్ నొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే ఆ రోజు కారు బయటికి తీయొద్దు.