కాలేజీలో చేరే ముందు ఒక్క ప్రశ్న: సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మన ఊళ్లలో బండ్ల మీద తిరిగే కాలేజీ పీఆర్వోలని చూసే ఉంటారు. చేతిలో కలర్ బ్రోచర్, నోట్లో ఒకటే మాట: "మీ పాపకి సీటు ఉంచామండి, రేపటిలోగా అడ్వాన్స్ కట్టేయండి." అమలాపురం అయినా, రాజోలు అయినా, కొత్తపేట అయినా ఇదే డైలాగ్. అమ్మ మొహమాటానికి "ఆయ్, అలాగేనండి" అనేస్తుంది. మనం ఇరుక్కుపోతాం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మా పిన్ని కూతురు ఇలాగే చేరింది. షాపుల పైన రెండు ఫ్లోర్లలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్. కోర్సు డిఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్. పేరు చెప్పను, అనవసరం. రెండేళ్లు చదివింది, తర్వాత ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో పనిచేసింది. ఖతార్‌లో ఉన్న మావయ్య అక్కడ హాస్పిటల్ ఉద్యోగానికి అప్లై చేయించాడు. గల్ఫ్‌లో హెల్త్ ఉద్యోగాలకి డేటాఫ్లో అనే వెరిఫికేషన్ ఉంటుంది. వాళ్లు మన జిరాక్స్‌ని నమ్మరు, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థనే నేరుగా అడుగుతారు. మా చెల్లి సర్టిఫికెట్ మీద ఉన్నది "ఆల్ ఇండియా" అని మొదలయ్యే ఏదో కౌన్సిల్, వేరే రాష్ట్రం అడ్రస్. అక్కడి నుంచి జవాబే రాలేదు. ఉద్యోగం పోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. మనం బిల్డింగ్ చూస్తాం, బస్సు చూస్తాం, ఫీజు చూస్తాం. పరీక్ష పెట్టేది ఎవరు, సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది అని మాత్రం అడగం.

జవాబు కోర్సుని బట్టి మారుతుంది. డిఎంఎల్‌టీ లాంటి పారామెడికల్ డిప్లొమా అయితే మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు. జీఎన్ఎం నర్సింగ్ అయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, పైన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. పాలిటెక్నిక్ అయితే ఏఐసీటీఈ అప్రూవల్, ఎస్‌బీటీఈటీ పరీక్షలు. ఐటీఐ అయితే డీజీటీ (ఇదివరకు ఎన్‌సీవీటీ). ఇక్కడ ఒక మెలిక ఉంది: ఐటీఐ అఫిలియేషన్ ట్రేడ్ వారీగా ఇస్తారు. ఎలక్ట్రీషియన్‌కి ఉన్నంత మాత్రాన అదే గేటు లోపల నడిచే ఇంకో ట్రేడ్‌కి ఉన్నట్టు కాదు. కాబట్టి "కాలేజీకి గుర్తింపు ఉందా?" అని కాదు, "ఈ కోర్సుకి, ఈ ఏడాదికి, ఎన్ని సీట్లకి ఉంది?" అని అడగండి. టాలీ, వెబ్ డిజైన్ లాంటి షార్ట్ కోర్సులకి ఈ గొడవ లేదు. అక్కడ చెప్పే సార్‌కి పని వచ్చా రాదా, అంతే.

ఇప్పుడు నా ఏరియాలోకి వద్దాం. చాలామంది "వెబ్‌సైట్‌లో రోల్ నెంబర్ కొడితే వెరిఫైడ్ అని వచ్చింది అన్నా" అంటారు. బాబూ, ఆ పేజీ నేను ఒక సాయంత్రంలో తయారు చేసి ఇచ్చేస్తాను. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మకి అర్థం కనెక్షన్ సేఫ్ అని మాత్రమే, అవతల ఉన్నవాడు మంచోడని కాదు. చివర గవ్ డాట్ ఇన్ ఉంటే అది ప్రభుత్వ సైటే. లేకపోతే ఫేక్ అని వెంటనే అనేయకండి, కానీ ఫోన్ చేసి అడగండి. ఆ నెంబర్ బ్రోచర్ నుంచి మాత్రం తీసుకోవద్దు. ఇంకా తేలికైన దారి ఉంది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌కి వెళ్లి, అక్కడి టెక్నీషియన్‌ని "అన్నా, ఈ సర్టిఫికెట్‌తో ఇక్కడ అప్లై చేయొచ్చా?" అని అడగండి. రెండు నిమిషాల పని. మేం అది చేయలేదు.

అయితే లిస్టులో పేరుంటే సరిపోతుందా? సరిపోదు. 2019 జనవరిలో అమెరికా మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందా? వీసా మోసాలు పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వ ఏజెన్సీయే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. అరెస్టయిన సుమారు 130 మందిలో ఎక్కువమంది మన తెలుగు వాళ్లే. గుర్తింపు పొందిన సంస్థల లిస్టులో దాని పేరు ఉంది. లేనివి క్లాసులు, లెక్చరర్లు. తెలిసి చేరినవాళ్లు ఎంతమంది, మోసపోయినవాళ్లు ఎంతమంది అనే వాదన వేరే. మన టాపిక్‌కి కావాల్సింది ఒకటే: పేపర్ చూశాక మనిషి వెళ్లి చూడాలి.

ఎప్పుడు వెళ్లాలి? వాళ్లు పిలిచిన ఆదివారం కాదు. మామూలు మంగళవారం పదకొండింటికి, చెప్పకుండా. క్లాసులో ఎవరైనా ఉన్నారా? ల్యాబ్‌కి తాళం ఉందా? మైక్రోస్కోప్ మీద దుమ్ము ఉందా? తర్వాత బయట టీ కొట్టు దగ్గర ఫైనల్ ఇయర్ వాళ్లని పట్టుకోండి. పోయిన బ్యాచ్ వాళ్ల మెమోలు చేతికొచ్చాయా, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్నవాడిని ఇద్దరి ఫోన్ నెంబర్లు ఇమ్మనండి, మొహం మారిపోతుంది.

డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది అంటారు. రాకపోతే, లేటైతే ఎవరు కట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రసీదు తీసుకోండి, పీఆర్వో ఫోన్‌పేకి కొట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఒరిజినల్స్. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం దాని పరిధిలోని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. చిన్న ఇన్‌స్టిట్యూట్లలో చాలావాటికి యూజీసీతో సంబంధమే ఉండదు, అందుకే అక్కడ ఇంకా జాగ్రత్త. టెన్త్ మెమో వాళ్ల బీరువాలో ఉంటే, మధ్యలో మానేయాలన్నా మూడేళ్ల ఫీజు కట్టి వెళ్లమంటారు. టీసీ ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, కానీ తీసుకున్నట్టు సంతకం, స్టాంపుతో రాయించుకోండి.

మా చెల్లి ఈ ఏడాది మళ్లీ ఫస్ట్ ఇయర్‌లో చేరింది. ఈసారి పిన్ని నన్ను కూడా రమ్మంది. బోర్డు లిస్టు ప్రింట్ తీసుకుని వెళ్లాం, సీట్ల సంఖ్య సరిపోల్చాం. ఆ ప్రిన్సిపాల్ గారు కాస్త విసుక్కున్నారు గానీ, అప్రూవల్ ఆర్డర్ తీసి టేబుల్ మీద పెట్టారు.