క్లౌడులో దాచిన కాగితములు

పూర్వము గ్రామపు లెక్కలు కరణముగారి పెట్టెలో నుండెడివి. నేడు అనేక కార్యాలయముల పత్రములు ఇంటర్నెట్టు ద్వారా దూరమందలి కంప్యూటరు కేంద్రములలో నిలువ చేయబడుచున్నవి. ఈ ఏర్పాటునే క్లౌడు అందురు. క్లౌడు అనగా మేఘము. పేరు మేఘమే యైనను, అది నేలపై కట్టిన భవనములోని యంత్రముల సముదాయము. కనుక అగ్నిభయము దానికిని గలదు.

2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమందు ప్రభుత్వ సమాచార కేంద్రములో లిథియం బ్యాటరీలకు నిప్పంటుకొనెను. ఆరువందలకు పైగా ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థలు నిలిచిపోయినవి. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను ‘జీ-డ్రైవు’ దగ్ధమై, అందలి 858 టెరాబైట్ల సమాచారము నశించెను. నిలువ మిక్కిలి పెద్దదగుటచే దానికి వేరొక చోట నకలు ఏర్పాటు చేయబడలేదు. ఒక మంత్రిత్వశాఖవారు తమ పత్రములన్నియు అందే యుంచుటచే మిక్కిలి నష్టపడిరి.

మరికొన్ని లోపములును గలవు. ఇంటర్నెట్టు అందనిచో అవసర సమయమున పత్రము చేతికి రాదు. అద్దె చెల్లింపు ఆగినచో సేవయు ఆగును. సంకేతపదము పరులకు తెలిసినచో రహస్యము వెల్లడియగును.

అంతమాత్రమున ఈ సౌకర్యమును విడనాడ నక్కరలేదు. పంచాయతీలు, సహకార సంఘములు, రైతులు ముఖ్యమైన పత్రముల నకలు నొకదానిని పెన్‌డ్రైవులో తీసి, వేరొక చోట భద్రపరచుకొనవలెను. అది సరిగా తెరచుకొనుచున్నదో లేదో నెలకొకసారి చూచుకొనవలెను. సంతకములు గల మూలపత్రములను మాత్రము ఎన్నడును పారవేయరాదు.