కార్-టి కణచికిత్స: లింఫోమా రోగుల స్పందనను ముందుగా అంచనా వేయడం

వ్యాససంగ్రహం:
లింఫోమా రోగులలో కార్-టి కణచికిత్స కొందరికి దీర్ఘకాల ఉపశమనం ఇస్తుంది. మరికొందరిలో వ్యాధి తిరగబెడుతుంది. ఈ భేదాన్ని చికిత్సకు ముందే తెలిపే సూచకాలను వివరించి, వాటిని గ్రామీణ రోగి స్థితికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లింఫోమా, కార్-టి కణాలు, కణితి భారం, సూచకాలు, దొరవారిసత్రం.

1. ఉపోద్ఘాతం:
రోగి రక్తం నుండి టి-కణాలను వేరుచేసి, బి-కణాల ఉపరితలంపై ఉండే సీడీ19 ప్రోటీనును గుర్తించే గ్రాహకపు జన్యువును వాటిలో ప్రవేశపెట్టి, ప్రయోగశాలలో వృద్ధిచేసి, తిరిగి రోగికి ఎక్కించడమే ఈ చికిత్స. ఐఐటి బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్‌ల కృషితో రూపొందిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని జాతికి అంకితం చేశారు.

2. స్పందనలో వ్యత్యాసం:
సత్త్వ నీలాపు తదితరులు 2017లో ప్రచురించిన జుమా-1 అధ్యయనంలో చికిత్స పొందిన 101 మందిలో 82 శాతం మందికి కణితి తగ్గింది; 54 శాతం మందికి పూర్తి ఉపశమనం లభించింది. అయిదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు సుమారు 43 శాతం. అంటే తొలి స్పందన వేరు, నిలకడ వేరు. నెక్స్‌కార్19 ప్రయోగాలలో మొత్తం స్పందన 73 శాతంగా 2025లో వెల్లడైంది. ఇందులో ల్యుకేమియా రోగులు కూడా ఉన్నారు గనుక ఈ రెండు అంకెలను నేరుగా పోల్చరాదు.

3. సూచకాలు:
అ) వ్యాధి: పెట్ స్కాన్‌లో కొలిచే కణితి భారం, రక్తంలోని ఎల్‌డీహెచ్ ఎంత ఎక్కువైతే నిలకడైన ఉపశమనానికి అవకాశం అంత తక్కువ.
ఆ) కణాలు: 24 మంది రోగులకు ఎక్కించిన కణాలను పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో, జ్ఞాపక లక్షణాలున్న టి-కణాలు పూర్తి ఉపశమనంతోనూ, అలసిన కణాలు అసంపూర్ణ స్పందనతోనూ ముడిపడినట్లు తేలింది. కణసేకరణకు కొద్దికాలం ముందు బెండముస్టిన్ వాడటం కూడా టి-కణాలను బలహీనపరుస్తుంది.
ఇ) శరీరస్థితి: సీఆర్‌పీ, ఫెర్రిటిన్ అధికంగా ఉండటం ప్రతికూల సూచన.
ఇవి సంబంధాన్ని తెలిపేవే గాని, ఒక్కొక్క రోగి విషయంలో తీర్పులు కావు. కణితి కణాలు సీడీ19ను కోల్పోవడం వంటి మార్పులు చికిత్స తర్వాతే బయటపడవచ్చు.

4. గ్రామీణ అన్వయం:
చెన్నై-నెల్లూరు రహదారిపై ఉన్న దొరవారిసత్రం వంటి మండలకేంద్రంలో ఒకరికి మెడలో గడ్డ కనిపించిందనుకుందాం. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో అటువంటి గడ్డను కణజాల పరీక్ష లేకుండానే క్షయగా భావించి మందులు మొదలుపెట్టడం లింఫోమా నిర్ధారణ ఆలస్యానికి తెలిసిన కారణమే. ఆ నెలలలో కణితి పెరుగుతుంది. కార్-టి కేంద్రానికి చేరేసరికి ప్రతికూల సూచకం సిద్ధంగా ఉంటుంది. పైగా, సీఆర్‌పీ, ఫెర్రిటిన్ ఇతర అంటువ్యాధులలోనూ పెరుగుతాయి. కనుక పాశ్చాత్య రోగులపై నిర్ణయించిన హద్దులను మన రోగులపై పరీక్షించకుండా స్వీకరించరాదు.

5. ముగింపు:
సూచకాలలో కొన్ని వ్యాధి స్వభావం నుండి వస్తే, కొన్ని ఆలస్యం నుండి వస్తాయి. రెండవ రకాన్ని మార్చవచ్చు. గడ్డ నుండి సకాలంలో ముక్క తీసి పరీక్షించడం, టి-కణాలను దెబ్బతీసే మందులకు ముందే కణసేకరణ గురించి ఆలోచించడం అందుకు మార్గాలు. అంచనా విధానం ప్రయోజనం రోగిని తిరస్కరించడం కాదు. అతనికి మిగిలి ఉన్న సమయాన్ని సరిగా వినియోగించడం.