చెవికి వచ్చిన రెప్ప

కంటికి రెప్ప కలదు, నోటికి పెదవి కలదు. చెవికి మాత్రము సృష్టికర్త మూత పెట్టలేదు. నిద్రించువాని చెవి కూడ తెరచియే యుండును. తల్లి పిలుపును, పిడుగు చప్పుడును, పొరుగింటి తగవును అది సమానముగ లోనికి రానిచ్చును. అందుచేతనే కాబోలు, మన భాషలో చెవిని గురించిన పలుకుబడులు పెక్కు నిజమునకు మనస్సును గురించినవి. నచ్చని మాటను పెడచెవిని పెట్టుదుము. ఇష్టమైనదన్న చెవి కోసికొందుము. విడువక వేధించువాడు చెవిలో ఇల్లు కట్టుకొని పోరును. వినకుండుట యనునది ఇంతకాలము మనస్సుతో చేయవలసిన పనియై యుండెను.

ఇప్పుడు చెవికిని ఒక రెప్ప వచ్చినది. దాని వెల వెయ్యి రూపాయలు, ఒక్కొక్కచో అంతకును తక్కువ. తీగ లేదు, బరువు లేదు. చిక్కుడు గింజంత వస్తువు. పుస్తకములలో దీనిని వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ అని వ్రాయుదురు గాని, నంద్యాల బజారులో "బ్లూటూత్" అన్నచో చాలును, దుకాణదారు పెట్టె తీసి ముందుంచును. కళాశాల విద్యార్థి మొదలు కూరగాయల బండివాని వరకు దీనిని ధరించినవారే. ఈ చవుకవస్తువు నిత్యశ్రవణమునకు చాలునా, దీనికై మనము చెల్లించుచున్న అసలు వెల యెంత యను రెండు ప్రశ్నలను ఇచట విచారింపవలసియున్నది.

వినుట మన ప్రాంతమున చిరకాలము నలుగురితో కూడిన పని. అహోబిల నృసింహస్వామి పారువేటకు బయలుదేరి, సంక్రాంతి మొదలు సుమారు 40 దినములు చుట్టుపట్ల గ్రామములలో సంచరించునప్పుడు, ఆ వాద్యఘోష ఊరందరి చెవిని ఒక్కసారిగా సోకును. పద్యనాటకములో రాగము సాగినప్పుడు "వన్స్‌మోర్" అని కేక వేయుటకు ప్రక్కవాని ఉత్సాహము కూడ కావలసియుండెను. 1948లో విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రములు వెలసిన పిమ్మట రేడియో వచ్చినది. కాని రేడియో కూడ అరుగుమీద పెట్టినచో వీధికంతకును చెందెడిది. వార్తలు వినువాడొకడు, వాటికి వ్యాఖ్యానము చేయువారు పదిమంది.

ఒంటరిగా వినుట వేరొక త్రోవను వచ్చినది. అమెరికాలో నేథానియల్ బాల్డ్విన్ తన యింట తయారుచేసిన శ్రవణయంత్రములను 1910లో ఆ దేశపు నౌకాదళము స్వీకరించెను. మొదట అవి తంతి నిపుణులకును, టెలిఫోను ఉద్యోగులకును పనిముట్లుగా నుండెను. 1979లో జపానుదేశపు సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేయుటతో, నడచుచు తనకు తానే పాట వినుట లోకమునకు అలవాటైనది. ఆ అలవాటు సెల్‌ఫోనుతో మన పల్లెలకు చేరినది.

ఇక తీగ యెట్లు పోయినదో చూతము. స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థ 1994లో ఆరంభించిన పరిశోధనకు పిమ్మట బ్లూటూత్ అను పేరు పెట్టిరి. పదియవ శతాబ్దమున డెన్మార్కును ఏలిన హరాల్డ్ అను రాజునకు "నీలిదంతము" అను బిరుదు కలదు. విడివడిన జనులను ఆయన ఏకము చేసినట్లు, వేర్వేరు యంత్రములను ఇది కలుపునని ఆ నామకరణము. 1999లో దాని మొదటి ప్రమాణపత్రము వెలువడినది. ఫోను నుండి చెవికి పాట 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతపు రేడియోతరంగములపై వచ్చును. అనేక యంత్రములు అదే త్రోవను వాడుచుండును గనుక, ఒకదానితో నొకటి ఢీకొనకుండ బ్లూటూత్ సంకేతము 79 దారులలో క్షణమునకు 1600 మార్లు వరకు గంతులు వేయుచు సాగును. ఇట్లు దారులు మార్చు ఉపాయమునకు హెడీ లామార్ అను చలనచిత్రతార, జార్జి ఆంథీల్ అను సంగీతకారునితో కలసి 1942లోనే అమెరికాలో పేటెంటు పొందినది. శత్రువులు దారి మళ్లింపజాలని టార్పీడోకై ఆమె ఆలోచించినది. అట్టి ఉపాయమే నేడు మన చెవిలో అన్నమయ్య కీర్తనను తడబడకుండ వినిపించుచున్నది.

2016లో ఆపిల్ సంస్థ తన ఐఫోన్ 7లో తీగ గుచ్చు రంధ్రమును తీసివేసినది. తరువాత పెక్కు సంస్థలు అదే బాట పట్టినవి. మన జనులు తీగను వదలుటకు ఇంతకంటె సామాన్యమైన హేతువు కూడ కలదు. తీగ తెగుటయే అది. పిన్ను మొదట మడతపడి మడతపడి, ఒకనాడు ఒక చెవి మూగవోవును. ఆ తీగను వ్రేలితో నొక్కిపట్టి, మాట వచ్చిన భంగిమలోనే కదలక కూర్చుండుట ఎందరికో అనుభవము. రెండు మూడుసార్లు కొనిన పిమ్మట, ఈ ధనముతో తీగ లేనిదే వచ్చును గదా యనిపించుట సహజము. ఇట్టి వస్తువుల తయారీయు మనకు దగ్గరకు వచ్చినది. ఆపిల్ సంస్థకు పరికరములు చేసియిచ్చు ఫాక్స్‌కాన్ సంస్థ హైదరాబాదు చెంత కొంగరకలాన్‌లో నెలకొల్పు కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన జరిగినది. అచ్చటి వస్తువు ఖరీదైనది. మన విచారణ చవుకదానిని గూర్చి.

నిత్యశ్రవణమునకు చవుకది చాలునా? చాలునని నిస్సంశయముగ చెప్పవచ్చును. మనము దినదినము వినునది యేమి? ఫోను మాట, వార్త, ప్రవచనము, పాఠము, సినిమాపాట. ఇందులో ప్రధానమైనది మానవకంఠము. పాతకాలపు టెలిఫోను 300 మొదలు 3400 హెర్ట్‌జ్ వరకు గల స్వరములను మాత్రమే మోసినను, దానిపై జనులు పెండ్లిండ్లు కుదుర్చుకొనిరి. నేటి చవుక యంత్రము కూడ అంతకు ఎన్నో రెట్లు మోయును. దాని లోపము వేరొకచోట నున్నది. పెక్కు చవుక యంత్రములు దరువును హెచ్చుగా వినిపించునట్లు చేయబడినవి. డప్పు ముందునకు వచ్చును, పలుకు వెనుకకు పోవును. వీణ తంతి మీటు మొద్దుబారును. చాల ఫోనులలో స్వరమును సవరించుకొను సదుపాయమున్నది. అందు మంద్రమును కొంత తగ్గించినచో పద్యము స్పష్టపడును. ఈ చిన్న సవరణ వలన వెయ్యి రూపాయల వస్తువు రెండువేల దానితో సమానముగ పలుకును.

కొనువారిని తికమకపెట్టు మాటలు రెండు మూడు గలవు. పెట్టెపై "ఇ.ఎన్.సి." అని పెద్ద అక్షరములతో నుండును. బయటి రొదను అణచునని కొనువాడు మురియును. నిజమునకు అది మన మాటను అవతలివారికి స్పష్టముగ వినిపించుటకై మైకులో చేయు ఏర్పాటు. మేలు ఎదుటివానికే గాని మనకు గాదు. మన చెవికి రొద తగ్గించునది "ఎ.ఎన్.సి." అనునది. అదియు బస్సు ఇంజను వంటి ఎడతెగని మంద్రధ్వనిని అణచును గాని, ఉన్నట్టుండి పడు సుత్తిదెబ్బను అణచజాలదు. "ఐపిఎక్స్4" అన్న గుర్తులో నాలుగు అంకె నీటితుంపరను సూచించును. ధూళికి సంబంధించిన అంకె యుండవలసిన చోట "ఎక్స్" అక్షరమున్నచో, ఆ విషయమున హామీ ఏమియు లేదని అర్థము. ధూళిలో పనిచేయువారు "ఐపి54" వంటి గుర్తును వెదకుకొనుట మేలు. బి.ఐ.ఎస్. నమోదు సంఖ్య లేని సరకును ముట్టకుండుట యందరికిని మేలు.

చవుకదనమునకు మనము చెల్లించు మొదటి వెల ఆయుర్దాయము. తీగ గల యంత్రమునకు బ్యాటరీ లేదు. తీగ తెగకున్నచో అది పదేండ్లైన పలుకును. తీగ లేనిదానిలో ప్రతి గింజయందును ఒక అతిసూక్ష్మమైన లిథియం బ్యాటరీ యుండును. కొన్ని వందలమార్లు ఛార్జింగ్ అయిన పిదప దాని శక్తి క్షీణించును. మొదట నాలుగు గంటలు పలికినది రెండు గంటలకే అలసిపోవును. దానిని విప్పి క్రొత్త బ్యాటరీ వేయుటకు చాలవరకు వీలుండదు. పాత రేడియోను బాగుచేయించి మూడు తరములు వాడిన యిండ్లలో, ఈ వస్తువు రెండు మూడేండ్లకే చెత్తబుట్టకు చేరుచున్నది. ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన నిబంధనలు 2022లో ప్రకటింపబడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినవి. కావున మృతయంత్రమును మామూలు చెత్తలో పారవేయక, అట్టి వ్యర్థములు సేకరించువారికి చేర్చుట మన ధర్మము.

రెండవ వెల ఇంతకంటె పెద్దది. దానిని తెలిసికొనుటకు నంద్యాల నుండి ఆళ్లగడ్డకు బస్సులో పోయిన చాలును. 2022లో నంద్యాల ప్రత్యేక జిల్లాయై, ఆళ్లగడ్డ అందులో చేరినది. రెండు ఊళ్ల నడుమ సుమారు 40 కిలోమీటర్లు, జాతీయరహదారి. కిటికీలు తెరచిన బస్సులో గాలిహోరు, ఇంజను రొద, హారను మోత. ఇన్నిటి నడుమ చెవిలోని పాట వినబడవలెనన్న, దాని ధ్వని రొదను మించవలెను. వ్రేలు తనంత తానే ధ్వనిని హెచ్చించును. హెచ్చించినట్లు చెవికి తోచదు. బస్సు దిగి నిశ్శబ్దమైన చోట అదే పాటను వినినప్పుడు గాని, ఎంత పెద్దగా వినుచుంటిమో తెలియదు.

ఆళ్లగడ్డలో దిగినచో మరియొక దృశ్యము. అది శిల్పుల ఊరు. అచ్చట మలచిన దేవతామూర్తులు దూరప్రాంతముల ఆలయములకు చేరుచుండును. పూర్వము ఉలి, సుత్తి మాత్రమే పలికిన శిల్పశాలలలో నేడు రాయి కోయు యంత్రము, గ్రైండరు ఘూర్ణిల్లుచున్నవి. అట్టి రొదలో చెవిని రక్షించుకొనుటకు ధరింపవలసినది వేరు. అది మెత్తని నురుగు బిరడా, లేదా చెవులను పూర్తిగా కప్పు రక్షణకవచము. పాటల యంత్రమును బిరడాకు బదులుగా పెట్టుకొని, రొదను మించి పాటను హెచ్చించువానికి హాని రెండింతలగును. రాతిలో ప్రాణము పోయు చేతికి, రాతి పలుకును పోల్చు చెవి కూడ కావలెను. అనుభవజ్ఞుడైన శిల్పి ఉలి తాకినప్పటి నాదమునుబట్టి శిలలోని పగులును పసిగట్టును. ఆ చెవి పోయినచో విద్యలో సగము పోయినట్లే.

మన లోపలిచెవిలో శబ్దమును గ్రహించు రోమకణములు సుమారు 15 వేలు మాత్రమే కలవు. జుట్టు రాలిన మరల మొలచును, గోరు విరిగిన మరల పెరుగును; మానవుని యీ రోమకణము చచ్చినచో తిరిగి పుట్టదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు విధించిన హద్దు, 80 డెసిబెల్ ధ్వనికి వారమునకు 40 గంటలు. ధ్వని మూడు డెసిబెల్ పెరిగిన కొలదియు కాలము సగమగును. 90 డెసిబెల్ అయినచో వారమంతటికిని 4 గంటలే. దినమున కొక గంట బస్సులో బిగ్గరగా వినువాడు గురువారమునాటికే తన వారపు పాలు ముగించుకొనును. 12 మొదలు 35 ఏండ్ల వయస్సు గలవారిలో నూరుకోట్లకు పైగా జనులు ఇట్టి శ్రవణము వలన చెవిని కోల్పోవు ప్రమాదములో నున్నారని ఆ సంస్థ హెచ్చరించుచున్నది. వెయ్యి రూపాయల యంత్రము పాడైనచో మరియొకటి కొనవచ్చును. చెవిని ఏ దుకాణము అమ్మదు.

అంతమాత్రమున ఈ వస్తువును నిందించుట న్యాయము గాదు. ఇరుకింటిలో నలుగురు నిద్రించుచుండగా పాఠము విను పేదవిద్యార్థికి ఇది వరము. వంటపనిలో చేయి తీరికలేని గృహిణికి ప్రవచనము నందించుచున్నది ఇదియే. బస్సులో తన ఫోను పాటను అందరి నెత్తిన రుద్దువానికంటె, దానిని తన చెవిలో దాచుకొనువాడు నిస్సందేహముగ మర్యాదస్తుడు. ఒకప్పుడు ఖరీదైన వాక్‌మన్ గలవారికే దక్కిన ఏకాంతము నేడు కూలివానికిని దక్కినది.

కాని మూతయున్నచోట దానిని తీయు వేళ కూడ తెలిసియుండవలెను. మన రాయలసీమలో ప్రక్కన కూర్చున్నవానిని "యాడికి పోతాండావప్పా?" అని పలుకరింపక ప్రయాణము సాగెడిది గాదు. ఇప్పుడు ఆ ప్రశ్న వేసిన పెద్దాయన జవాబు రాక, ఎదుటివాని చెవిలోని గింజను చూచి, తల త్రిప్పుకొనుచున్నాడు. ఇంటిలో అవ్వ మూడుమార్లు పిలిచి మానుకొనుచున్నది. రహదారిపై మోటారుసైకిలు నడపువాని వెనుక లారీ హారను వ్యర్థమగుచున్నది. పిలుపును, ప్రమాదమును వినుటకే గదా చెవిని ప్రకృతి తెరచియుంచినది.

కావున చవుకదియైనను సరే, తీగ లేనిదానిని నిశ్చింతగా కొనవచ్చును. ధ్వనిని ఫోను చూపు కొలతలో సగమునకు మించనీయక, మించవలసి వచ్చునంతటి రొదలో వినుటయే మానుకొనవలెను. గంటకొకసారి తీసి చెవికి విశ్రాంతి నీయవలెను. రహదారిపైనను, యంత్రముల నడుమను దానిని పెట్టెలోనే యుంచవలెను. ఇంటిలో నున్నప్పుడు ఒక చెవిని మాత్రము దానికిచ్చి, రెండవ చెవిని ఇంటివారికై విడిచినచో, అవ్వ రెండవమారు పిలువవలసిన పని యుండదు.